కొన్నవారంతా సేకర్తలు కారు

అమెరికాలో తమ కోసం బొమ్మలు కొని దాచుకునే పెద్దవాళ్లు ఎందరు? బొమ్మల పరిశ్రమలోనూ వ్యాపార పత్రికల్లోనూ కొన్నేళ్లుగా ఈ ప్రశ్నకు ఒకే జవాబు వినిపిస్తోంది: కోట్లలో ఉన్నారు, దేశంలోని పెద్దల్లో దాదాపు సగం మంది. ఈ జవాబును మూడు అంకెలు మోస్తున్నాయి. మార్కెట్ పరిశోధన సంస్థ ఎన్‌పీడీ 2022లో, తమ కోసం బొమ్మలు కొనుక్కునే ‘కిడల్ట్’ల కొనుగోళ్లు అమెరికా బొమ్మల అమ్మకాల్లో నాలుగో వంతని, ఏటా సుమారు 900 కోట్ల డాలర్లని చెప్పింది. ఆ సంస్థే సర్కానా అయ్యాక, 2024 మొదటి మూడు నెలల్లో 18 ఏళ్లు దాటినవారి కోసం జరిగిన కొనుగోళ్లు 150 కోట్ల డాలర్లు మించాయని, మూడు నుంచి ఐదేళ్ల పసిపిల్లల విభాగాన్ని తొలిసారి దాటేశాయని ప్రకటించింది. అంతకు ముందరి ఏడాదిలో తమ కోసం ఒక బొమ్మైనా కొన్నామని 2024 నాటి సర్వేలో పెద్దల్లో 43 శాతం మంది చెప్పారన్నది మూడో అంకె.

ఈ అంకెలను అబద్ధాలనడానికి ఆధారం లేదు. తప్పంతా వాటి నుంచి లాగిన నిర్ధారణలో ఉంది. మొదటి రెండూ డబ్బును కొలిచాయి, మూడోది కొనుగోలును కొలిచింది. సేకర్తలను లెక్కపెట్టిన అంకె ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. అయినా పరిశ్రమ ప్రసంగాల్లో, పెట్టుబడిదారుల సమావేశాల్లో, పత్రికల శీర్షికల్లో ఇవి సేకర్తల జనాభా లెక్కలుగా చలామణీ అవుతున్నాయి. ఈ పొరపాటుకు మూల్యం చెల్లించేది సేకర్తలే గనుక దీన్ని చూసీచూడనట్టు వదిలేయకూడదు.

ముందుగా వయసు సంగతి. 2022 నాటి లెక్కలో కిడల్ట్ అంటే 12 ఏళ్లు, అంతకు పైబడినవారు. ఏడో తరగతి పిల్లవాడు అమ్మ ఇచ్చిన డబ్బుతో కొనుక్కున్న పోకెమాన్ కార్డులూ ఆ 900 కోట్లలో కలిశాయి. వార్త నోటినోటా తిరిగేసరికి ‘12 దాటినవారు’ అన్న షరతు రాలిపోయి ‘పెద్దవాళ్లు’ అన్న మాట మిగిలింది. 2024 లెక్కలో గీతను 18 ఏళ్లకు జరపడం మెచ్చుకోవలసిన పనే. కానీ పాత నాలుగో వంతును, కొత్త 150 కోట్లను పక్కపక్కన పెట్టి ‘పెద్ద సేకర్తలు పెరుగుతున్నారు’ అంటే, రెండు వేర్వేరు జనాలను ఒకే జనంగా చూపినట్టవుతుంది. బడి పిల్లలు కలిసిన గుంపునూ, కలవని గుంపునూ ఒకే తూకంలో వేసి పెరుగుదలను చెప్పడం కుదరదు.

ఇక 43 శాతం. 2020 జనాభా లెక్కల ప్రకారం అమెరికాలో 18 దాటినవారు 25.8 కోట్లు. అందులో 43 శాతం అంటే 11 కోట్ల పైచిలుకు. సర్కానా చెప్పిన 150 కోట్ల డాలర్లను ఈ 11 కోట్ల మందికి పంచితే మూడు నెలలకు తలకు పదమూడున్నర డాలర్లు పడుతుంది. హాస్‌బ్రో కంపెనీ అమ్మే ఆరంగుళాల స్టార్ వార్స్ బొమ్మ ఒకటి అప్పట్లో 25 డాలర్లు. అంటే ఈ ‘సేకర్త’ల సగటు ఖర్చుకు మూడు నెలల్లో ఆ బొమ్మ ఒక్కటీ రాదు. క్రిస్మస్ ముందరి నెలల్లో ఖర్చు ఎక్కువే ఉంటుంది, నిజమే. ఆ తేడాకు ఎంత మినహాయింపు ఇచ్చినా, ఈ సగటు వర్ణిస్తున్న మనిషి ఏడాదికి రెండో మూడో వస్తువులు కొనే మామూలు కొనుగోలుదారు. అల్మరా నిండా బొమ్మలు పేర్చుకుని, లేని ఒక్కదాని కోసం ఏళ్ల తరబడి వెతికే మనిషి ఆ సగటులో ఎక్కడా కనిపించడు.

ఆ రెండో మూడో వస్తువులు ఏమిటన్నది కూడా చూడాలి. పరిశ్రమ లెక్కలో ‘బొమ్మ’ అన్న గంప చాలా పెద్దది. యాక్షన్ ఫిగర్లు, కార్లతో పాటు బోర్డ్ గేములు, జిగ్‌సా పజిల్స్, ఆట కార్డులు, మెత్తటి స్క్విష్‌మాలోలు, లెగో పూలగుత్తులు అన్నీ అందులోనే. కోవిడ్ రోజుల్లో ఇంటిల్లిపాదీ కూర్చుని పేర్చడానికి కొన్న వెయ్యి ముక్కల పజిల్ కూడా పెద్దవాళ్లు తమ కోసం కొన్న బొమ్మే. దాన్ని కొన్నవారు సేకర్తలు కారు. వారు అలా చెప్పుకోనూ లేదు. సర్వే వారిని ఆ ప్రశ్న అడగలేదు.

ఒక సర్వేకూ మరో సర్వేకూ ఎంత తేడా వస్తుందో చూపడానికి పరిశ్రమ దగ్గరున్న మరో అంకే చాలు. బొమ్మల తయారీదారుల సంఘం టాయ్ అసోసియేషన్ 2021లో జరిపిన సర్వేలో 58 శాతం పెద్దలు తమ కోసం బొమ్మలు, ఆటలు కొన్నామన్నారు. 58కీ 43కీ మధ్య తేడా మనుషుల్లోకి మారిస్తే దాదాపు నాలుగు కోట్లు, అంటే కాలిఫోర్నియా జనాభా అంత. మూడేళ్లలో అంతమంది సేకర్తలు అల్మరాలు ఖాళీ చేసి వెళ్లిపోయారా? లేదు. మారింది సర్వే, మనుషులు కారు. సర్వే మారగానే నాలుగు కోట్ల మంది పుట్టి మాయమయ్యే కొలతను జనాభా లెక్కగా నమ్మడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు.

అరుదైన లక్షణాన్ని సర్వేతో కొలిచేటప్పుడు ఎదురయ్యే చిక్కు మరొకటుంది. దాన్ని అమెరికా పరిశోధకులు ఎప్పుడో గుర్తించారు. 1990ల్లో పౌరులు ఆత్మరక్షణకు తుపాకీ వాడిన సందర్భాలు ఏటా 25 లక్షలని ఒక టెలిఫోన్ సర్వే అంచనా వేసింది. హార్వర్డ్‌లో ప్రజారోగ్య పరిశోధకుడు డేవిడ్ హెమెన్‌వే 1997లో దాని లోపాన్ని విప్పి చూపాడు. జనంలో నూటికి ఒక్కరికే ఉన్న లక్షణం గురించి అడిగినప్పుడు, మిగిలిన 99 మందిలో ఇద్దరు పొరపాటునో గొప్పకో ‘అవును’ అంటే చాలు, ఫలితం మూడింతలవుతుంది. వ్యతిరేక దిశలో జరిగే పొరపాటు దాన్ని సరిచేయలేదు, ఎందుకంటే ఆ వైపు ఉన్నది ఒక్కడే. ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో మరింత స్పష్టమైన ఉదాహరణ చూపింది. ఇష్టమున్నవారు చేరే ఆన్‌లైన్ సర్వేలో 30 ఏళ్ల లోపు వారిలో 12 శాతం మంది తమకు అణు జలాంతర్గామి నడిపే లైసెన్సు ఉందన్నారు. ఆ లెక్కన అమెరికా తీరమంతా జలాంతర్గాములతో నిండిపోవాలి. అలాంటి సర్వేలో ‘మీరు బొమ్మలు సేకరిస్తారా’ అని అడిగితే వచ్చే శాతానికి ఎంత విలువివ్వాలో దీన్నిబట్టే తెలుస్తుంది.

డాలర్ల లెక్క ఇంతకన్నా బలహీనమైనది. లెగో కంపెనీ 2017లో తెచ్చిన 7,541 ముక్కల మిలీనియం ఫాల్కన్ నౌక విడుదల నాటి ధర 800 డాలర్లు. హాట్ వీల్స్ మామూలు కారు ఒక డాలరు పైచిలుకు. ఒకే డబ్బుకు ఇటు ఒక మనిషి కావచ్చు, అటు ఆరు వందల మంది కావచ్చు. అమ్మకాల మొత్తం చూసి మనుషుల సంఖ్య చెప్పాలంటే ఒక్కొక్కరు ఎంత కొంటారో ముందే తెలిసి ఉండాలి. అది తెలిస్తే ఈ అంచనాల అవసరమే ఉండదు.

పైగా మనుషులు పెరగకుండానే డాలర్లు పెరుగుతాయి. హాస్‌బ్రో ‘బ్లాక్ సిరీస్’ స్టార్ వార్స్ బొమ్మలు 2013లో మొదలైనప్పుడు ఒక్కోటి 20 డాలర్లు. పదేళ్లు తిరగకముందే 25 అయింది. అదే మనిషి అన్నే బొమ్మలు కొన్నా అమ్మకాల పట్టికలో 25 శాతం ఎదుగుదల కనిపిస్తుంది. ఆ ఎదుగుదలను చూపించి ‘సేకర్తలు పెరుగుతున్నారు’ అనడం, ఆ పేరుతో మళ్లీ ధర పెంచడం న్యాయం కాదు. ఇరవై ఏళ్లుగా ఈ అభిరుచిని నిలబెట్టిన మధ్యతరగతి సేకర్త జేబు మీద పడే భారాన్ని పట్టిక కొత్త సభ్యుడి రాకగా చూపిస్తోంది.

మరి నిజమైన సంఖ్య దగ్గరికి తీసుకెళ్లే ఆధారాలేవీ లేవా? ఉన్నాయి. అవి పరిశ్రమ చేతిలోనే ఉన్నాయి, పరిశ్రమే బయటపెట్టింది కూడా. హాస్‌బ్రో 2018లో హాస్‌ల్యాబ్ అనే పద్ధతి మొదలుపెట్టింది. ఖరీదైన ఒక బొమ్మ నమూనా చూపి ఆర్డర్లు తీసుకుంటారు. నిర్ణీత సంఖ్య గడువులోగా చేరితేనే తయారుచేస్తారు, లేకపోతే లేదు. నోటి మాట కాకుండా డబ్బుతో చెప్పిన జవాబు గనుక ఇది ఏ సర్వే కన్నా నమ్మదగినది. మొదటి బొమ్మ, స్టార్ వార్స్‌లోని జబ్బా నావ, 500 డాలర్లు. 5,000 ఆర్డర్లు కావాలన్నారు, 8,810 వచ్చాయి. 2020లో 350 డాలర్ల మార్వెల్ సెంటినెల్‌కు 6,000 కావలసి ఉండగా 21 వేలు దాటాయి. 2021లో 400 డాలర్ల మరో మార్వెల్ బొమ్మ గెలాక్టస్‌కు 30 వేలు మించాయి. ఇవి మనుషులు కారు, బొమ్మలు. ఒకరు ఒకటికి మించి తీసుకోవచ్చు, తిరిగి అమ్ముకునే వ్యాపారులూ తీసుకున్నారు, కొన్నిటికి ఇతర దేశాల ఆర్డర్లూ కలిశాయి. అయినా పైకి ఎగబాకిన అంకె ముప్పై వేల చుట్టూ ఆగింది. అదే 2021 చివర, ‘కోట్లాది’ అభిమానులున్న స్టార్ వార్స్ నుంచి 350 డాలర్లకు రాంకోర్ అనే రాక్షస జంతువును ప్రకటిస్తే 9,000 ఆర్డర్లు చేరక అది ఆగిపోయింది.

ఈ ఆధారానికీ హద్దులున్నాయి. రాంకోర్ ఓడిపోయింది కాబట్టి స్టార్ వార్స్ సేకర్తలు తొమ్మిది వేల లోపేనంటే అది ఇంకో తప్పు. అంతకు ముందు ఏడాదే స్టార్ వార్స్‌కే చెందిన రేజర్ క్రెస్ట్ నౌకకు 25 వేలకు పైగా ఆర్డర్లు వచ్చాయి. ధరకు తగిన వస్తువు కాదనిపిస్తే సేకర్తలు కొనరు. అంత ధర పెట్టలేని సేకర్తలు ఎందరో ఉంటారు. కాబట్టి హాస్‌ల్యాబ్ అంకె కనీస హద్దు చెబుతుంది, మొత్తం చెప్పదు. మొత్తాన్ని ఊహించాలంటే ఉదారంగానే లెక్కవేయవచ్చు. మార్వెల్ బొమ్మల సేకర్తల్లో పదిమందికి ఒక్కరే గెలాక్టస్ కొనగలిగారనుకుంటే వారు మూడు లక్షలు. అలాంటి అభిరుచులు పది ఉన్నాయని, ఒకదానిలో ఉన్నవారు మరోదానిలో లేరని అనుకుంటే ముప్పై లక్షలు. లెగో, బార్బీ, హాట్ వీల్స్ ఇంకా పెద్దవి గనుక మొత్తాన్ని మూడింతలు చేస్తే తొంభై లక్షలు. ఇవన్నీ సంఖ్యను పెంచే దిశలో చేసిన ఊహలే, ముఖ్యంగా ఒకరు రెండు అభిరుచుల్లో ఉండరన్న ఊహ వాస్తవానికి చాలా దూరం. ఇంత ఉదారంగా పోయినా తేలింది పెద్దల్లో మూడున్నర శాతం, ప్రచారంలో ఉన్న 11 కోట్లలో పన్నెండో వంతు.

లెగో విషయంలో వేరే దారిలో సరిచూసుకునే వీలుంది. పాత సెట్లు, విడి ముక్కలు కొనుక్కునే పెద్దల అంగడి బ్రిక్‌లింక్‌ను లెగో కంపెనీ 2019లో కొన్నప్పుడు, పెద్దవాళ్లైన లెగో అభిమానులకు ప్రపంచంలోకెల్లా పెద్ద కూడలి ఇదేనని చెప్పింది. అప్పటికి అందులో సభ్యులు పది లక్షల పైచిలుకు. అది అన్ని దేశాలూ కలిపిన లెక్క. బొమ్మల అభిరుచుల్లో మహా పెద్దదానికే ప్రపంచవ్యాప్తంగా అంత అయితే, ఒక్క అమెరికాలో కోట్ల సేకర్తలు ఎక్కడ దాక్కున్నట్టు?

దీనికి పరిశ్రమ పక్షం నుంచి ఒక అభ్యంతరం వస్తుంది. సేకర్త అన్న పదానికి ఇంత కఠినమైన గిరి ఎందుకు, బల్ల మీద పెట్టుకోవడానికి ఒక్క లెగో పూలగుత్తి కొన్నవారు మాత్రం ఎందుకు కారు అని. వినియోగదారులుగా వారికి పూర్తి గౌరవం ఉండాలి. కానీ సముదాయం అంటే ఒకరికొకరు సంబంధమున్న మనుషులు. సేకర్త తన దగ్గరున్నదేమిటో, లేనిదేమిటో ఎరిగి కొంటాడు. కొన్నదాన్ని ఉంచుకుంటాడు. మార్చుకోవడానికో, పోల్చుకోవడానికో, చూపించడానికో తనలాంటి ఇంకొకరిని వెతుక్కుంటాడు. ఈ లక్షణాలేవీ లేకుండా ఒక్క కొనుగోలుతో సభ్యత్వమిస్తే, ఏడాదికి ఒక నవల కొన్న ప్రతివారినీ పుస్తక సేకర్తలనవలసి వస్తుంది.

ప్రచారంలో ఉన్న లెక్క అతిగా చెబుతుందన్నది సగం విమర్శే. అదే లెక్క చాలామంది అసలైన సేకర్తలను వదిలేస్తోంది కూడా. దుకాణాల బిల్లుల నుంచి తయారైన అంకెల్లోకి పాత సరుకు రాదు. కెన్నర్ కంపెనీ 1978 నుంచి 1985 దాకా అమ్మిన స్టార్ వార్స్ బొమ్మల మీద బతికే సేకర్తలు కొత్త సరుకు ఒక్కటి కొనకపోవచ్చు. వారి క్రయవిక్రయాలు ఈబేలో, ఆదివారం సంతల్లో, పాత ఇళ్ల సామాను అమ్మకాల్లో సాగుతాయి. పెన్సిల్వేనియా కేంద్రంగా 1954 నుంచి నడుస్తున్న ట్రెయిన్ కలెక్టర్స్ అసోసియేషన్ సభ్యులు చేతులు మార్చుకునే పాత లయొనెల్ బొమ్మ రైళ్లు ఏ కంపెనీ త్రైమాసిక నివేదికలోనూ కనిపించవు. జపాన్ నుంచి నేరుగా తెప్పించుకునే బొమ్మలదీ అదే సంగతి.

అమెరికాలోని తెలుగు ఇళ్ల నుంచే ఇంకా మంచి ఉదాహరణ దొరుకుతుంది. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో దసరాకో సంక్రాంతికో మెట్లు కట్టి బొమ్మల కొలువు పెట్టే ఇల్లాలిని తీసుకుంటే, ఆమె ఏ కఠినమైన గిరిలోనైనా ఇమిడే సేకర్త. కొండపల్లి దశావతారాలు, ఏటికొప్పాక లక్కబొమ్మలు, అమ్మ ఇచ్చిన మట్టి బొమ్మలు ఏడాది పొడవునా దూదిలో చుట్టి భద్రపరుస్తుంది. ఏటా ఒక కొత్త బొమ్మైనా చేర్చాలని చూస్తుంది. ఏ మెట్టు మీద ఏది ఉండాలో ఆమెకు తెలుసు. పేరంటానికి పిలిచి నలుగురికీ చూపిస్తుంది, నలుగురి కొలువులూ చూసి వస్తుంది. సముదాయం అన్న మాటకు ఇంతకన్నా నిండైన రూపం దొరకదు. అయితే ఆ బొమ్మలు సూట్‌కేసుల్లో వచ్చాయి గనుక దుకాణపు లెక్కలో లేవు. ‘మీ కోసం బొమ్మ కొన్నారా’ అని సర్వే అడిగితే ఆమె లేదనే అంటుంది, కొన్నది కొలువు కోసం కదా. ఈస్టరుకు బోర్డ్ గేమ్ కొన్న పొరుగింటాయన లెక్కలోకి వస్తాడు, ఈమె రాదు. రెండు తప్పులూ ఒకదాన్నొకటి సరిచేస్తాయన్న హామీ ఎక్కడా లేదు.

దాగిన జనాన్ని లెక్కపెట్టడానికి గణాంకశాస్త్రంలో పద్ధతులున్నాయి. చెరువులో చేపలను లెక్కపెట్టే పద్ధతి వాటిలో పాతది. వంద చేపలు పట్టి గుర్తు వేసి వదిలి, మళ్లీ వంద పడితే వాటిలో పది గుర్తున్నవి వచ్చాయనుకుంటే, చెరువులో సుమారు వెయ్యి ఉన్నట్టు. సేకర్తల విషయంలో ఒక ప్రదర్శనకు వచ్చినవారి జాబితా, ఒక దుకాణం ఖాతాదారుల జాబితా పక్కపక్కన పెట్టి రెంటిలోనూ ఉన్నవారిని చూస్తే ఇదే గుణకారం పనిచేస్తుంది. కాకపోతే రెండు జాబితాలూ ఒకదానితో ఒకటి సంబంధం లేనివై ఉండాలి. ఉత్సాహవంతుడు రెంటిలోనూ ఉంటాడు కాబట్టి అంచనా తగ్గివస్తుంది. అలా తగ్గుతుందని ముందే తెలిసిన పద్ధతి, ఎటు తప్పుతోందో తెలియని సర్వే కన్నా మేలు. మరో పద్ధతి ‘మీకు తెలిసినవారిలో సేకర్తలెందరు’ అని అడగడం. 1985 మెక్సికో సిటీ భూకంప మృతుల సంఖ్యను అంచనా వేసే ప్రయత్నంలో మానవశాస్త్రవేత్త రస్సెల్ బెర్నార్డ్ బృందం దీన్ని రూపొందించింది. బొమ్మలు కొంటానని ఆఫీసులో చెప్పుకోవడానికి సంకోచించే పెద్దవాళ్ల విషయంలో ఇది కూడా తక్కువే చూపుతుంది. అయినా ఈ రెండు దారుల్లో వచ్చే అంకెలను హాస్‌ల్యాబ్ వంటి కనీస హద్దుతో కలిపి చదివితే, లక్షల్లో మొదలై కోటి లోపు ముగిసే ఒక శ్రేణి దొరకవచ్చు. శ్రేణిగా చెప్పడంలో నిజాయితీ ఉంది. ఒక్క శాతంగా చెప్పడంలో లేదు.

అతి అంచనా ఎవరికీ హాని చేయదన్న అభిప్రాయాన్ని చరిత్ర ఒప్పుకోదు. టై కంపెనీ అమ్మిన మెత్తటి బొమ్మలు బీనీ బేబీలకు 1990ల చివర వచ్చిన గిరాకీ అంతా సేకర్తలదేనని నమ్మారు. 1997లో మెక్‌డొనాల్డ్స్ భోజనాలతో కోట్ల కొద్దీ బుల్లి బీనీలు పంచితే రెండు వారాల్లో అయిపోయాయి. తర్వాత తేలిందేమిటంటే, కొన్నవారిలో అధికభాగం ధర పెరుగుతుందని ఆశపడినవారు. ధర ఆగగానే వారు వెళ్లిపోయారు. మిగిలిన నిజమైన సేకర్తల చేతిలో విలువ లేని అల్మరాలు మిగిలాయి. ఇటీవలి సంగతి బొమ్మల కంపెనీ ఫంకోది. వాషింగ్టన్ రాష్ట్రంలోని ఎవరెట్ నుంచి నడిచే ఆ కంపెనీ గిరాకీ అలాగే పెరుగుతుందని సరుకు పోగేసింది. 2022 చివరికి నిల్వల విలువ 24 కోట్ల డాలర్లు దాటింది, గిడ్డంగిలో చోటు చాలలేదు. 2023 మార్చిలో 3 నుంచి 3.6 కోట్ల డాలర్ల సరుకును పారేస్తున్నామని పెట్టుబడిదారులకు చెప్పింది. పిల్లలు ఆడుకోగలిగిన బొమ్మలు చెత్తకు పోయాయి. లేని సేకర్తల కోసం తయారుచేస్తే జరిగేది ఇదే.

సంఖ్య తేలాలంటే కొత్త సర్వేలు అక్కర్లేదు. హాస్‌బ్రో పల్స్, 2020లో మొదలైన మాటెల్ క్రియేషన్స్ వంటి సొంత అంగళ్లలో ప్రతి కొనుగోలుదారుకూ ఖాతా ఉంది. ఒక ఏడాదిలో ఎన్ని వేర్వేరు ఖాతాలు కొన్నాయి, వాటిలో ఒక్కసారి కొన్నవెన్ని, ఐదుసార్లు, ఇరవైసార్లు కొన్నవెన్ని, వరసగా మూడేళ్లు తిరిగివచ్చినవెన్ని అన్న నాలుగు వరసల పట్టికను పేర్లేవీ లేకుండా ప్రచురించవచ్చు. వాటాదారులకు డాలర్లు చెప్పే నివేదికలోనే ఆ పట్టికకు ఒక పేజీ చాలు. అది వచ్చేదాకా 43 శాతాన్ని, నాలుగో వంతును సేకర్తల జనాభాగా రాసే పత్రికలు కనీసం ఆ అంకె పక్కన ‘ఏడాదిలో ఒక్కసారైనా కొన్నవారు’ అనీ, ‘12 ఏళ్లు దాటినవారు’ అనీ అచ్చువేయాలి.